భీమిలి బంగళా తలుపు గడియ

నేను ఒక ఇనుప గడియని. ఎవరినీ ఊరికే నమ్మను. మీరు కూడా నా కథ ఏ ఉద్దేశంతో వింటున్నారో నాకేం తెలుసు?

భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఉన్న బంగళా వీధి తలుపుకి, లోపలివైపు, వందేళ్ళ కిందట నన్ను బిగించారు. కట్టించిన దొరకి మిషన్ సరుకంటే ఒళ్ళు మంట. మేకు దగ్గర్నుంచి దూలం దాకా చేత్తోనే చేయాలన్నాడు. కమ్మరి కొమ్మోజు అప్పలాచారి నన్ను కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో నున్నగా రాకి తీసుకెళ్తే దొర మొహం మాడ్చాడు. సుత్తి దెబ్బలు పైకి కనపడాలట! ఆచారికి తల కొట్టేసినట్టయింది. దెబ్బలు మిగిలితే పనిరానివాడంటారు కదా. చేసేది లేక ముందువైపు మళ్ళీ సుత్తితో మొత్తాడు. తలుపు వైపుండే వెనక భాగాన్ని మాత్రం తన తృప్తి కోసం నున్నగానే ఉంచుకున్నాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం పెరటి దారిన లోపలికొచ్చిన దొంగ వీధి తలుపులోంచి పారిపోబోయాడు. నేను బిగుసుకుపోయాను. దొరికిపోయాడు. వానకి చెక్క ఉబ్బిందని గిట్టనివాళ్ళు అంటారు, అననివ్వండి. గడియకి మనుషులు తెలుస్తారని ఇంట్లోవాళ్ళు మాత్రం నమ్మారు.

చివరికి బంగళా రిటైరైన హెడ్మిస్ట్రెస్ రత్నావళి గారి చేతికొచ్చింది. పెంకులు సర్దించే ఓపిక లేక అమ్మకానికి పెట్టారు. ఆవిడ కోరిక ఒక్కటే, కొన్నవాళ్ళు ఇల్లు పడగొట్టకూడదు. అందుకని వచ్చినవాళ్ళని పెరటి వైపు నుంచి తెచ్చి, ఇల్లంతా చూపించి, వీధి తలుపు వాళ్ళ చేతే తీయించేవారు. మంచివాళ్ళకే నేను తెరుచుకుంటానని ఆవిడ నమ్మకం. అది నాకు పెట్టిన ఉద్యోగం.

మొదట సన్నిబాబు వచ్చాడు. పడవల రిపేరు వర్క్‌షాపు ఉన్న మనిషి. బయట జోరువాన. గోడలు కొట్టి చూశాడు, చెద ఎక్కడుందని అడిగాడు, ప్రతిదానికీ వంక పెట్టాడు. వీడు పలుగు తెచ్చే రకమే అనుకున్నాను. నా దగ్గరికొచ్చి, వెనక్కి వేలు దూర్చి తడిమాడు.

“ఏటమ్మా ఇది? ఎనకాల ఇంత నున్నగా రాకీసినాడు! ఎవుడు సూత్తాడని?”

పరాయివాడు నా వీపు తడమడమేమిటి? నాకు మండింది. లాగాడు, కదల్లేదు. రెండు చేతులా లాగినా కదల్లేదు. రత్నావళి గారి మొహం మారిపోయింది. “తర్వాత కబురు చేస్తాను బాబూ” అన్నారు. చేయలేదు.

రెండు వారాలకి శ్రీకర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. “ఒక్క మేకు కూడా కదపను మేడమ్. ఈ గడియ చూడండి, ఆ సుత్తి దెబ్బలే ఒక అందం!” అన్నాడు. పొగడ్తకి లొంగానని ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది. చిటికెన వేలితో లాగితే జారిపోయాను. ఆ రోజు బాగా ఎండ కాసింది, అదీ నిజమే.

నాలుగు నెలల్లో ఇల్లు నేలమట్టమైంది. తలుపులు, కిటికీలు, దూలాలు విశాఖలో శ్రీకర్ పాత సామాన్ల దుకాణానికి చేరాయి. కొనడానికొచ్చిన ఒకాయన నన్ను తలుపు నుంచి ఊడదీయించి, తిరగేసి, “వెనక ఇంత నున్నగా ఉందేమిటి? మిషన్‌ది తెచ్చి పాతదంటున్నారా?” అన్నాడు. జన్మంతా అందరినీ అనుమానించాను. నన్ను అనుమానించడం అదే మొదలు. శ్రీకర్ నన్ను తుక్కు బుట్టలో పడేశాడు.

మొన్న రత్నావళి గారు వచ్చారు. గోడకి ఆనించిన తలుపు ముందు చాలాసేపు నిలబడ్డారు. గడియ ఉండాల్సిన చోట రెండు కన్నాలున్నాయి. వెతికి వెతికి బుట్టలో నన్ను పట్టుకున్నారు. బొటనవేలితో నా వెనకవైపు తడిమారు. అక్కడ నునుపని ఆవిడకీ అప్పుడే తెలిసినట్టుంది.

“ఆ పడవలాయన చూశాడు, నేను చూడలేదు. నిన్ను నమ్మానే” అన్నారు.

ఎవరినీ నమ్మని నన్ను ఆవిడ నమ్మారు. వానా, ఎండా చేసిన పనిని నా తెలివని చెప్పుకు తిరిగానని ఎలా చెప్పను? ఏడుపొచ్చింది.

నన్ను బుట్టలోనే పెట్టి వెళ్ళిపోయారు. ఆ దుకాణానిది అద్దాల తలుపు. ఎవరొచ్చినా, ఎవరు పోయినా దానంతటదే తెరుచుకుంటుంది.