నిమిషానికి రెండు లీటర్లు

ఏడో తరగతి లెక్కల మాస్టారికి ఈ లోకంలో తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఒక్కదానికి ఎంత? ఎనిమిది చొక్కాలకు పన్నెండు మీటర్ల గుడ్డ పట్టిందని దర్జీ మాటవరసకు అంటే, చొక్కాకు మీటరున్నర అని అక్కడికక్కడే తేల్చేసి, ఆ సంతోషంలో తన కొలతలు ఇవ్వడం మరిచిపోయి ఇంటికొచ్చే మనిషి. బస్సు గంటకు ఎన్ని స్టాపులు దాటుతోందో లెక్కగడుతూ సొంత స్టాపు దాటిపోయిన సందర్భాలు కోకొల్లలు. ఒకసారి అత్తగారు "మా రోజుల్లో అయితేనా" అనే మాట గంటకు సగటున ఎన్నిసార్లు అంటున్నారో లెక్కగట్టి, ఆ అంకె పొరపాటున పైకి అనేశారు. ఆవిడ వారం పాటు నోరు విప్పలేదు. ఆ వారం రేటు సున్నా అని మాస్టారు మనసులోనే నమోదు చేసుకున్నారు.

అన్నీ ఒక్కదానికి ఎంతో తేల్చగలిగిన ఆయనకు తన ఉద్యోగం సంగతి మాత్రం తేలలేదు. తాత్కాలికమని వేశారు, తాత్కాలికంగానే ఏళ్ళు నెట్టుకొస్తున్నారు. భార్య ఒట్టు పెట్టుకుంది, పర్మినెంటు అయ్యేదాకా ఆ అద్దె ఇంటి గోడకు ఒక్క మేకు కూడా కొట్టనని. బట్టలు అట్టపెట్టెల్లో, గడియారం నేలమీద. ఇంట్లో టైము చూడాలంటే గొంతుక్కూర్చోవాలి. ఈ ఏడు మాత్రం అటో ఇటో తేలిపోతుందన్నారు. తనిఖీ అధికారి వచ్చి ఆయన పాఠం వింటారు, కాగితం మీద అవునో కాదో రాస్తారు. అవునంటే పర్మినెంటు. కాదంటే అట్టపెట్టెలు ఎలాగూ సిద్ధంగానే ఉన్నాయి.

అధికారి వస్తున్నాడంటే ఆ బడిలో పాఠం చెప్పరు, పాఠాన్ని రిహార్సల్ వేస్తారు. అది హెడ్మాస్టరు పెట్టిన ఆచారం. అధికారి కుర్చీలో తనే కూర్చుని, అధికారి దగ్గు కూడా తనే దగ్గి, ఎప్పుడు దగ్గితే ఎవరు లేవాలో పిల్లలకు నూరిపోస్తాడు. ఆ రోజుల్లో బడి ఊడ్చే ఊపుకు చీమలు తమ పుట్టలు తాము గుర్తుపట్టలేక టీసీలు అడిగాయని పక్క బడివాళ్ళు చెప్పుకునేవారు.

మాస్టారు ఎంచుకున్న పాఠం ఏకవస్తు పద్ధతి, అదే యూనిట్ రేటు. పెరట్లో కుళాయి దగ్గరే బెంచీలు వేసి, లీటరు లీటరుకూ ఎర్రగీత పెట్టిన బకెట్టు ధార కింద ఉంచి, నిమిషానికి ఎన్ని నీళ్ళో పిల్లల చేతే కొలిపించాలని ఆయన ముచ్చట. నాలుగు గుంపులు నాలుగు రకాల అంకెలు తెస్తే, ఎందుకు తేడా వచ్చిందో వాళ్ళే కొట్లాడుకుంటారని ఆశ.

హెడ్మాస్టరు ఆ ఆశను మొదటిరోజే నీళ్ళలో ముంచాడు. కొట్లాటలూ, చిల్లర అంకెలూ అధికారి ముందు పనికిరావన్నాడు. కుళాయి మూడు నిమిషాలకు ఆరు లీటర్లు ఇస్తోంది, అంటే నిమిషానికి రెండు, అరవై లీటర్ల డ్రమ్ముకు ముప్ఫై నిమిషాలు, అంకెలన్నీ గుండ్రంగా ఉన్నాయి, ఇక వాటి జోలికి పోవద్దన్నాడు. ఆ కుళాయి కూడా అంకె తప్పే రకం కాదు. అది పుట్టు బద్ధకస్తురాలు. దాని కింద చెంబు పెట్టి ఎదురింటికి సంబంధం మాట్లాడుకోవడానికి వెళ్ళిన పెద్దమనిషి, పెళ్ళి చేసుకుని భార్యతో సహా తిరిగొచ్చేసరికి చెంబు ఇంకా వెలితిగానే ఉందట.

నాలుగో రిహార్సల్‌కే పిల్లలకు నీళ్ళతో పని లేకుండా పోయింది. ఖాళీ బకెట్టు చూపించినా "ఆరు లీటర్లు సార్, నిమిషానికి రెండు" అని ఒక్క గొంతుతో పాడేవాళ్ళు. తరగతిలో ఎందుకమ్మ అని పేరు పడిన పిల్ల ఒకతె ఉంది, ఎవరేం చెప్పినా ఎందుకండీ అంటుంది గనక. అంత ఖాయంగా తెలిసినప్పుడు మళ్ళీ కొలవడం ఎందుకని అడిగింది. ఆ పిల్లను వెనక బెంచీకి మార్చమని హెడ్మాస్టరు సలహా ఇచ్చాడు. మాస్టారు మార్చారు. పర్మినెంటు కావలసిన మనిషి.

ఇక్కడ ఆయన బావమరిది సంగతి చెప్పాలి. కుళాయిల మేస్త్రీ. అక్కంటే ప్రాణం, బావంటే భక్తి, చేతిలో రెంచి ఉంటే ఆగని మనిషి. బావ బతుకంతా ఓ కుళాయి మీద ఆధారపడి ఉందని అక్క చెప్పగా విన్నాడు. తనిఖీకి ముందు సాయంత్రం ఎవరికీ చెప్పకుండా బడికి వెళ్ళి గొట్టం విప్పాడు. అందులోంచి తట్టెడు తుప్పు, గోళీలు, పెన్ను మూతలు, కాపురం పెట్టిన ఒక కప్ప బయటికొచ్చాయి. కప్పను మర్యాదగా పక్కన దింపి, వాషరు మార్చి, గొట్టం బిగించి, సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు.

భోజనాల దగ్గర మాత్రం ఉండబట్టలేక అన్నాడు. "రేపు చూడు బావా, నీ పాఠం ఎట్లా పరిగెడుతుందో."

మాస్టారు దాన్ని దీవెన అనుకున్నారు.

మర్నాడు అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని బూడిదరంగు ప్యాంటుతో. ఎన్నో బళ్ళలో ఎన్నో వెనక కుర్చీల్లో కూర్చుని, కలం కదులుతూ ఉండగానే నిద్రపోయే విద్య సాధించిన మనిషి. బాగా కనబడాలని హెడ్మాస్టరు ఆయన కుర్చీని కుళాయి పక్కనే వేయించి, లెసన్ ప్లాను చేతికిచ్చాడు. అధికారి దాని మీద కలం ఆనించాడు. కళ్ళు మూతలు పడ్డాయి. కలం కదులుతూనే ఉంది.

మాస్టారు కుళాయి తిప్పారు.

తాడు తెంచుకున్న ఎద్దులాగా దూకింది ధార. బకెట్టు ఒక్కసారి అదిరి, నిలదొక్కుకుంది. నీళ్ళు ఎర్రగీతల్ని ఒకదాని వెంట ఒకటి మింగేస్తుంటే మాస్టారు గబుక్కున ముందుకు వంగారు. చెయ్యి కుళాయి వైపు వెళ్ళింది, హెడ్మాస్టరు దగ్గు విని మధ్యలోనే ఆగింది. ప్లానులో మూడు నిమిషాలని ఉంది, మూడు నిమిషాలు ఆగాల్సిందే. బకెట్టు నిండింది. పొంగింది. పొంగిన నీళ్ళు పెరడంతా పారుతూ, పారుతూ, అధికారి బూట్లను పలకరించి ప్యాంటు మీదికి పాకడం మొదలెట్టాయి.

మూడో నిమిషం కాగానే హెడ్మాస్టరు రెండోసారి దగ్గాడు. పిల్లలు లేచి నిలబడి, పొర్లిపోతున్న బకెట్టు మీదినుంచి చూపు తిప్పకుండా ఒక్క గొంతుతో చెప్పారు.

"ఆరు లీటర్లు సార్. నిమిషానికి రెండు."

అధికారి కళ్ళు తెరవకుండానే ప్లానుతో సరిపోయిందని టిక్కు పెట్టాడు. హెడ్మాస్టరు ముఖం చేటంత అయింది. ఇక బోర్డు మీద డ్రమ్ముకు ముప్ఫై నిమిషాలని రాస్తే అయిపోయినట్టే. మాస్టారు రాశారు కూడా. అంతలో తడి మోకాళ్ళ దాకా వచ్చి అధికారికి మెలకువ వచ్చింది. బకెట్టును చూశాడు, బోర్డును చూశాడు, వెనక బెంచీలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్లను చూశాడు.

"ఏమ్మా, బకెట్టు పొంగిపోతుంటే ఆరు లీటర్లంటారేం?"

ఎందుకమ్మ లేచింది. "ఆరు లీటర్లు పాఠంలో నీళ్ళండి. ఇవి కుళాయి నీళ్ళు."

"ఏది రైటు?"

"పరీక్షలో అయితే పాఠంలోవేనండి."

హెడ్మాస్టరు ముచ్చటగా మూడోసారి దగ్గాడు. అంటే పాఠం ముగించమని. ముగిస్తే అధికారి టిక్కు ఎలాగూ పెట్టేశాడు, పిల్ల మాట పిల్లచేష్ట కింద పోతుంది, ఉద్యోగం నిలుస్తుంది. మాస్టారికి ఇదంతా క్షణంలో అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆయన చెయ్యి డస్టరు మీదికే పోయింది. ముప్ఫై చెరిపారు, రెండు చెరిపారు, ఆరు చెరిపారు.

"మనం చెప్పింది తప్పు. బకెట్టు ఒంపేయండి, మళ్ళీ కొలుద్దాం."

ఆ తర్వాత జరిగిందాన్ని పాఠం అనడానికి హెడ్మాస్టరు చివరిదాకా ఒప్పుకోలేదు. ఒక గుంపు బకెట్టు వంకరగా పెట్టింది, ఇంకో గుంపు వాచీ చూడాల్సినప్పుడు నీళ్ళు చూసింది. ఆఖరికి నలభై సెకన్లకు తొమ్మిది లీటర్లని తేలింది. ఇక భాగహారం దగ్గర యుద్ధం. ఇరవై సెకన్లకు నాలుగున్నర, అరవైకి పదమూడున్నర, కాబట్టి నిమిషానికి పదమూడున్నర లీటర్లని ముందు బెంచీలు. కాదు, నలభైని తొమ్మిదితో భాగిస్తే దాదాపు నాలుగున్నర వస్తుందని వెనక బెంచీలు. మీది తప్పంటే మీది తప్పని పీకలు పట్టుకునేదాకా వచ్చారు. అధికారి ప్యాంటు మడిచి మధ్యలోకి దిగి, పదమూడున్నరే రైటని తీర్పు చెప్పబోయాడు. మాస్టారు ఆయన్ని కూడా ఆపి, పిల్లల్ని అడిగినట్టే అడిగారు.

"ఒక్కదానికి అంటున్నారు సరే. ఏ ఒక్కదానికి? ఒక్క నిమిషానికా, ఒక్క లీటరుకా?"

ఒకరి నోటుపుస్తకం ఒకరు లాక్కుని చూశారు. ముందు బెంచీలవాళ్ళు ఒక నిమిషానికి ఎన్ని లీటర్లో కనుక్కున్నారు, వెనక బెంచీలవాళ్ళు ఒక లీటరుకు ఎన్ని సెకన్లో కనుక్కున్నారు. ఇద్దరిదీ రైటే. దానికేం, తేల్చుకుందామని డ్రమ్ము కుళాయి కిందికి దొర్లించారు. రెండు లెక్కల్లోనూ డ్రమ్ముకు సుమారు నాలుగున్నర నిమిషాలు. వాచీ పట్టుకున్నది అధికారే. నాలుగున్నర కాకముందే, అయిందా కాలేదా అన్నంతలో డ్రమ్ము నిండింది. ముందు బెంచీలూ వెనక బెంచీలూ ఒకళ్ళనొకళ్ళు తడుపుకున్నారు. గంట ఎప్పుడో కొట్టేశారు.

ఆఫీసు గదిలో కిటికీకి అధికారి మేజోళ్ళు ఆరేసి ఉన్నాయి. హెడ్మాస్టరు గుమ్మం దగ్గర నిలబడి మాస్టారి వంక చూడటం మానేశాడు. అధికారి తన ఫారం బల్ల మీద పరిచి, గళ్ళ మీద వేలు పెట్టి చూపించాడు. ప్లాను ప్రకారం జరిగిందా? లేదు. టైముకు ముగిసిందా? లేదు. పిల్లలు తొలిసారే సరైన జవాబు చెప్పారా? లేదు.

"ఇవి ఇట్లాగే రాస్తే మీకు పర్మినెంటు రాదు మాస్టారూ. చాలా ఏళ్ళకు నేను మెలకువగా విన్న పాఠం ఇదొక్కటే. కానీ అది రాయడానికి ఇందులో గడి లేదు."

అట్టపెట్టెల్ని ఏ బండి మీద వేయాలా అని మాస్టారి ఆలోచన.

అధికారి కాసేపు కలం తిప్పి, టిక్కు పెట్టిన పాత ప్లానును నిలువునా చింపాడు. ఫారాన్ని మార్చడం తన చేతిలో లేదు, ప్లాను మాత్రం మాస్టారి చేతిలోనే ఉంది, కొత్తది రాసిమ్మన్నాడు. మొదట పిల్లలు తప్పు చెప్పాలి, తర్వాత బకెట్టు పొంగాలి, అధికారి తడవాలి, తప్పు దిద్దుకోవాలి, రెండు గుంపులు కొట్లాడుకోవాలి. అప్పుడు అంతా ప్లాను ప్రకారమే.

పెరట్లో బోర్డు చెరిపిన చెయ్యి ఇక్కడ తటపటాయించింది. "అబద్ధం రాసినట్టు కాదాండీ?"

"జరిగింది జరిగినట్టు రాయమంటున్నాను. అబద్ధం ఎట్లా అవుతుంది? ముందు రాసిచ్చారే, అది అబద్ధం."

ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో మాస్టారికి దొరకలేదు. రాశారు. ఆఖరి వాక్యం తడి ఆరకముందే హెడ్మాస్టరు గుమ్మం వదిలి వచ్చి, బకెట్టు పొంగడం హెడ్మాస్టరు పర్యవేక్షణలో అని ఒక ముక్క చేర్పించాడు.

పర్మినెంటు ఆర్డరు వచ్చింది. అది తన వాషరు మహిమేనని బావమరిది ఊరంతా చాటాడు, కాదనడానికి మాస్టారి దగ్గర ఆధారం లేదు. ఆ ప్లాను నచ్చి పైవాళ్ళు అచ్చు వేయించి అన్ని బళ్ళకూ పంపారు. కుళాయి ఉన్నచోటల్లా పిల్లలు దగ్గు వినగానే తప్పు చెప్పడం, రెండో దగ్గుకు దిద్దుకోవడం సాధన చేస్తున్నారని వార్తలు రాసాగాయి.

ఒక మధ్యాహ్నం పక్క బడి నుంచి కొత్తగా చేరిన టీచరమ్మ ఒకావిడ అచ్చు ప్లాను పట్టుకుని వచ్చింది. తనదీ తాత్కాలికమేనట, తనిఖీ దగ్గరపడిందట. కొట్లాట భాగం పిల్లలకు బాగానే వచ్చింది గాని, తమ కుళాయి కారడం తప్ప పొంగడం ఎరగదు, చెంబుతో పోయక తప్పదంది.

"అధికారి ప్యాంటు మీదికి నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తే సరిపోతుందండీ? ప్లానులో అది ఇవ్వలేదు."

వచ్చేది ఏ అధికారి అని మాస్టారు అడిగారు. ఆయనేనట. ఈసారి సంచిలో ఇంకో జత బట్టలు తెచ్చుకుంటున్నానని ముందే కబురు కూడా పంపాడట.

మాస్టారు చాలాసేపు ఆ అచ్చు కాగితం వంక చూసి, లెక్క వేయడానికి తీసిన సుద్దముక్కను మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. బట్టలు తెచ్చుకుంటున్నాడంటే ఇక కొలత దేనికమ్మా, ధారాళంగా పోయండి అన్నారు.