పారిపోయిన జేబెజ్

పిల్లల్ని బడి దగ్గర దింపేసి, పసుపు బస్సును టౌన్‌హాలు వెనక నిలిపి, లియోటా పెల్టన్ నేలమాళిగ మెట్లు దిగింది. బడి వదిలేలోపు ఖాళీ దొరికినంతసేపూ ఆమె మకాం అక్కడే. కుదురుగా కూర్చోవడం చేతకాదు. కుర్చీ అంచున మోకాలు ఊపుతూ, స్టీరింగు తిప్పి తిప్పి కాయలు కాచిన చేతులతో పాత కోర్టు కాగితాలు తిరగేసింది.

ఇంట్లో అన్నయ్య వెండెల్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాడు. డాక్టర్లు ఆశ వదులుకున్నారు. ఈ గడ్డమీద తమ వంశానికి మొదటివాడైన జేబెజ్ సంగతి తెలుసుకుని పోవాలని అతని పట్టు. "ఓడ కెప్టెన్ జేబెజ్ వంశంలో ఈ దేశదిమ్మరి ఎలా పుట్టాడో!" అని తండ్రి బతికినన్నాళ్ళూ అతన్ని ఎత్తిపొడిచేవాడు. చేపల పడవలు, ఆపిల్ తోటలు, రంపపు మిల్లులు... వెండెల్ ఎక్కడా ఒక చలికాలం దాటి నిలవలేదు మరి.

ఆ రోజు జేబెజ్ దొరికాడు. కెప్టెన్ కాదు. ఈ దేశం రావడానికైన ఓడ ఖర్చుకు బదులు ఏళ్లకేళ్లు చాకిరీకి కట్టుబడి, పీపాలు చేసేవాడి కొట్లో పనిచేసిన నౌకరు. రెండుసార్లు పారిపోతే పట్టుకొచ్చి కొరడాతో కొట్టారు. మూడోసారి చిక్కలేదు.

చెప్పాలా, మానాలా? ఆ గుంజాటనతోనే లియోటా మధ్యాహ్నం ఇంటికి వచ్చి సూప్ వేడిచేసింది.

"ఏం దాస్తున్నావే? నీ మొహమే చెబుతోంది," అన్నాడు వెండెల్.

"కెప్టెన్ కాదన్నయ్యా. నౌకరు. అదీ... పారిపోయిన నౌకరు."

"ఎన్నిసార్లు?"

"మూడు."

వెండెల్ నవ్వాడు. దగ్గు తెర కమ్మినా నవ్వు ఆపలేదు. "నాన్న ఉండాల్సింది! చూశావా, నేను చెడిపోయినవాణ్ని కాదే. వంశం పేరు నిలబెట్టినవాణ్ని!"

"చాల్లే సంబడం. సూప్ తాగు."

"చల్లారనీ. ఎటు పోయాడట?"

"నది వెంబడి, పడమటికి."

"నేనైనా అటే పోయేవాణ్ని," అని అతను కిటికీ వైపు తిరిగాడు.

సాయంత్రం ప్రతి మలుపులోనూ లియోటా మనసు ఇంటికి లాగింది. ఆఖరి పిల్ల దిగీ దిగగానే బస్సు తిప్పేసింది.

వెండెల్ మంచం అంచున, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒకరు పట్టుకోందే లేవలేని మనిషి. పిలిచింది. చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది.

ఎడమ కాలికి బూటు తొడుక్కుని, లేసు కూడా బిగించి కట్టుకున్నాడు. కుడికాలి బూటు మాత్రం నేలమీద, ముక్కు వాకిలి వైపుకు, లేసులు బాగా వదులుచేసి, కాలు దూర్చడమే తరువాయిగా ఉంది.