వ్యానుకు అడ్డం పడ్డ సైకిళ్లు

సాక్షి లేడు కనుక కేసు ఆపేస్తున్నామని సర్కారు వకీలు చెప్పగానే టమాటా తోట ఆసామి కొడుకు టోపీ పెట్టుకుని దర్జాగా కోర్టు బయటికి నడిచాడు. తాగి ట్రక్కు నడిపి, సైకిల్ మీద పోతున్న కూలీ నికనోర్‌ను చంపినవాడు వాడే. సాక్షి ఎలా ఉంటాడు? కళ్లారా చూసిన తోటి కూలీ క్రిసోఫొరోను, పని అయిపోయిందంటూ ఆసామే కెనడా నుంచి సొంత దేశం మెక్సికోకి విమానం ఎక్కించేశాడు.

యుస్టోలియా కూడా ఆ తోటలో కూలీయే. ఆ సాయంత్రం నికనోర్ వెనక సైకిల్ మీద వస్తూ ఆమె కూడా చూసింది. పోలీసులు మాత్రం ఇంగ్లీషు వచ్చినవాళ్లనే అడిగి వెళ్లిపోయారు.

ఆదివారం టమాటా కూలీలంతా బసలో కూడారు. ఏడాదిలోపు కొత్త సాక్షి వస్తే కేసు మళ్లీ తెరవచ్చని యూనియన్ మనిషి చెప్పాడు.

"నేను చెప్తా," అంది యుస్టోలియా.

"పిచ్చా అక్కా నీకు? వచ్చే ఏడు ఈ ఒంటారియో తోటలకి నిన్ను పిలుస్తారా? పిల్లలకేం పెడతావ్?" అన్నాడు ఫిదెన్సియో.

"రేపు నిన్ను గుద్దినా ఇలాగే నోరు మూసుకోమంటావా తమ్ముడూ?"

ఫిదెన్సియో వాకిట్లో ఆనించిన తన సైకిల్ వైపు చూశాడు.

ఎవరు మోశారో గాని, ఆ మాట ఆసామి చెవిన పడింది. మంగళవారం తెల్లారేసరికి మేస్త్రీ వ్యాను తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

"బట్టలు సర్దుకో. మధ్యాహ్నం నీ విమానం."

ఆమె సంచీ పట్టుకుని బయటికొచ్చింది. వ్యాను ముందు దారి పొడవునా సైకిళ్లు పడుకోబెట్టి ఉన్నాయి. మొదటిది ఫిదెన్సియోది. చీకట్లో నికనోర్ కనబడలేదని కొడుకు కోర్టులో దబాయించాక, ఆసామి పంచిపెట్టిన లైటు పడితే మెరిసే కోట్లు తొడుక్కుని కూలీలంతా నిలబడ్డారు.

"ఇప్పుడు కనబడుతున్నామా మేస్త్రీ?"

"తప్పుకోండ్రా! గాజు షెడ్లలో కాయంతా పండిపోతోంది!"

"పండి కుళ్లనీ!"

మేస్త్రీ పోలీసులకు ఫోన్ కొట్టాడు. పోలీసు దిగీ దిగగానే యుస్టోలియా సంచీ కింద పడేసి నేరుగా అతని ముందుకెళ్లింది. ఆమె స్పానిష్ మాట అతనికి అర్థం కాలేదు.

"రాసుకోమంటోంది సార్," ఫిదెన్సియో తనకొచ్చిన ఇంగ్లీషులో అరిచాడు. "నికనోర్‌ను చంపినవాణ్ణి చూసిందట."

"అది ఇక్కడ కుదరదు. స్టేషన్‌కి రావాలి."

"వస్తుంది. మేమూ వస్తాం!"

సైకిళ్లు లేచాయి. యుస్టోలియా తన సైకిల్ ఎక్కింది. పోలీసు కారు వెనక, రోడ్డు నిండుగా అందరూ కదిలారు. ఆ రోజు గాజు షెడ్లలో ఎవరూ ఒక్క టమాటా కోయలేదు.