మంచు కింద పొయ్యి

మంచు తెరిపిచ్చేసరికి హిల్డా గొర్రెలన్నీ బయటపడ్డాయి, ముసలిది తప్ప.

గుట్ట పైభాగాన కంచె లేదు. తల్లి మేసిన చోటే పిల్ల మేస్తుంది, దాని పిల్లా అక్కడే మేస్తుంది. పొలం చేతులు మారినా మంద గుట్టను వదలదు. ఈ ఏటి పడుచు గొర్రెలకు ఇంకా హద్దులు తెలియవు. వాటికి నేర్పే ముసలిది పోతే, వసంతానికల్లా సగం మంద పక్కవాళ్ల కొండ మీద ఉంటుంది.

పడమటి గాలి వీస్తే గొర్రెలు పొలం రాతిగోడకు తూర్పున ఒదుగుతాయి. అందుకని హిల్డా గోడ వెంబడే పొడుగాటి కర్రతో మంచును గుచ్చుకుంటూ పోతోంది. వెనకే పార పట్టుకుని తమ్ముడు విల్ఫ్రెడ్.

"ఇక్కడ లేదక్కా. పోయి టీ తాగొద్దాం పద."

"నీకు మంచులో కూడా టీయే కనపడుతుందిరా."

"నా కాళ్లే కనపడి చావట్లేదు, ఇంక టీ ఏం కనపడుద్ది!"

వెంట వచ్చిన మంద కుక్క మాత్రం గోడ దగ్గర నిలవలేదు. దిగువన, ఏనాడో రోమన్ సిపాయిలు కట్టుకున్న కోటకేసి పోయింది. కోటంటే ఇప్పుడు నాలుగు వైపులా గడ్డి మొలిచిన మట్టికట్ట, అంతే. రాళ్లు ఏనాడో వీళ్ల కొట్టంలోకీ, ఈ గోడలోకీ చేరాయి.

"కుందేలు వాసన పట్టుంటుందిలే. అక్కడ గాలికి అడ్డేముంది?" అన్నాడు విల్ఫ్రెడ్.

హిల్డా ఈల వేసింది. కుక్క రాలేదు. మళ్లీ వేసింది. అది తలెత్తి చూసి, మళ్లీ మంచు గోకసాగింది. పిలిస్తే రాకపోవడం దానికి అలవాటు లేదు. హిల్డా దిగిపోయింది.

కట్ట లోపలివైపు మంచులో గుప్పెడంత కన్నం. అంచు పసుపుపచ్చగా మారి ఉంది. కిందున్న గొర్రె ఊపిరి తగిలిన మంచే అలా మారుతుంది. కర్ర గుచ్చితే అడుగు తగల్లేదు.

విల్ఫ్రెడ్ పారతో మంచు తోడాడు. ఎండిన రెల్లు కుచ్చుల వెనక గుండ్రటి గుల్ల. అందులో ముసలిది, తన ఉన్ని తానే నములుతూ, ఎందుకొచ్చారన్నట్టు చూసింది.

"అమ్మ దొంగా! ఇదేంటక్కా, నక్క బొరియా?"

"నక్క రాళ్లు పేరుస్తుందంట్రా?"

హిల్డా చేయి పెట్టి తడిమింది. రాళ్లు వంపుగా పేర్చి ఉన్నాయి, కాలి ఎర్రబడి పగుళ్లిచ్చాయి. వేళ్లకు మసి అంటింది. ఎగువనున్న ఇంకో రోమన్ కోటలో తవ్వకాలప్పుడు ఇలాంటివే చూసింది.

"రొట్టెల పొయ్యి. సిపాయిలది."

"పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఇక్కడే తిరుగుతున్నాం. మనకు తెలీంది దీనికెలా తెలిసింది?"

"వాళ్లమ్మ చూపించుంటుంది."

"ఆవిడకి?"

"వాళ్లమ్మ."

"ఇలా వెనక్కి పోతే, రొట్టె ముక్క కోసం సిపాయి చుట్టూ తిరిగిన గొర్రె దగ్గర తేలతాం."

హిల్డా నవ్వలేదు. ఆ మొదటి గొర్రె గురించే ఆలోచిస్తోంది.

ముసలిది తనే లేచి బయటికొచ్చి, ఒళ్లు దులుపుకుని, గడ్డి కోసం మంచును కాలితో గీరింది.

"పూడ్చేయనా? ఇంకోటి పడుద్దేమో," అన్నాడు విల్ఫ్రెడ్ పార ఎత్తి.

"ముట్టుకోకు. పోయి పడుచువాటిని ఇటు తోలుకురా. ఇది ఎక్కణ్ణించి బయటికొచ్చిందో అవీ చూసుకోనీ."

అతను గొణుక్కుంటూ గుట్టెక్కాడు. హిల్డా మంచులో మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది. వెనక ఇంకో గొర్రెకు కూడా చోటుంది.