బాతిమా అవ్వ దీవెన

"అత్తా, సభలో దీవెన ఇచ్చి ఊరుకో. టీవీ వాళ్ల ముందు నోరు తెరిచి గొడవ పెట్టుకోకు. అణు కరెంటు కేంద్రం వస్తే నాకు కనీసం వాళ్ల క్యాంటీన్లోనైనా పని దొరుకుతుంది," అంది మెరుయెర్త్, బాతిమాకు తెల్ల తలగుడ్డ చుడుతూ.

"నోరు తెరవకుండా దీవెనెలా ఇస్తారే, మొద్దూ?"

కోడలు నవ్వి తలగుడ్డ ముడి బిగించింది. చేపల పట్టు పడిపోయాక ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. అది బాతిమాకూ తెలుసు.

బల్ఖాష్ సరస్సు ఒడ్డున ఆ ఊరు పుట్టిందే కరెంటు కోసం. సోవియట్ రోజుల్లో కేంద్రం కడతామని అపార్టుమెంట్లు లేపారు. పునాదులు పడ్డాయి, ఆ సోవియట్ దేశమే కూలిపోయింది. ఆ తర్వాత చలికాలాలన్నీ కొవ్వొత్తులతోనే గడిచాయి. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ యురేనియం తవ్వే దేశంలో జనం బొగ్గుపొగ మింగుతూ బతుకుతున్నారు. ఇప్పుడు ప్రభుత్వానికి మళ్లీ ఈ ఒడ్డు గుర్తొచ్చింది.

బాతిమాకు మాత్రం తన పుట్టినూరు గుర్తొచ్చింది. సెమెయ్ దగ్గరి మైదానంలో అణుబాంబులు పరీక్షించే రోజుల్లో సైనికులు తలుపు తట్టి అందరినీ బయటికి రమ్మనేవాళ్లు. గోతిలో బోర్లా పడుకోమనేవాళ్లు. నేల ఊగేది. ఆమె తమ్ముడు తలెత్తి ఆ వెలుగు చూశాడు, పదేళ్లు నిండకుండానే రక్తం చెడి చనిపోయాడు. పెద్దయ్యాక ఆమె వేలమందితో వీధికెక్కి అరిచింది. పరీక్షలు ఆగాయి. అరిస్తే ఆగుతాయని ఆవిడకు అప్పుడే తెలిసింది.

కొత్త కేంద్రం గురించి ఊరి అభిప్రాయం అడిగే సభకు బడి ఆటల హాలు కిక్కిరిసిపోయింది. రాజధాని నుంచి వచ్చిన అధికారి సాయన్ తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించాడు. సరస్సు ఇప్పటికే ఎండిపోతోంది కదా అని ఒక జాలరి అడిగితే, "అన్నీ లెక్కలు చూశాం, నీళ్లకు ఏ ఢోకా లేదు," అన్నాడు. ఇంకెవరో చెయ్యెత్తారు. సాయన్ చూడనట్టు బాతిమా వైపు తిరిగాడు.

"మన ఊరి పెద్దావిడ దీవెనతో ముగిద్దాం. రండి అవ్వా."

పెద్దవాళ్లు అరచేతులు చాపితే అందరూ చాపాల్సిందే. దీవెన అయ్యాక ఆమీన్ అని ముఖం తడుముకోవాలి. సాయంత్రం వార్తల్లో ఆ ఒక్క దృశ్యం చాలు, ఊరంతా ఒప్పుకున్నట్టే. అందుకే సాయన్ అందరికన్నా ముందు అరచేతులు చాపి కెమెరా వైపు నిలబడ్డాడు. మెరుయెర్త్ కూడా చాపింది, కళ్లతో అత్తను బతిమాలుతూ.

బాతిమా చేతులెత్తింది. ఒళ్లంతా కోపంతో కాగుతున్నా గొంతు మాత్రం నిదానంగానే వచ్చింది.

"కేంద్రం నిలబడాలి. దాన్ని కట్టినవాళ్లు, కట్టమన్నవాళ్లు ఈ ఒడ్డునే ఇళ్లు కట్టుకుని చల్లగా ఉండాలి. వాళ్ల పిల్లలు ఈ సరస్సులోనే ఈత నేర్వాలి. వాళ్ల కోడళ్లు కడుపుతో ఉన్నప్పుడు ఈ నీళ్లే తాగాలి. నిండు నూరేళ్లు మా పక్కింట్లో బతికి, మా పక్కనే మట్టిలో పడుకోవాలి."

"ఆమీన్!" హాలు దద్దరిల్లింది.

సాయన్ మాత్రం ఆమీన్ అనలేదు. చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"ఏం నాయనా, తిట్టానా? దీవించాను గదా. ఆమీన్ అను."

"అవ్వా, అంటే... మా కుటుంబం రాజధానిలో..." అని నీళ్లు నమిలాడు.

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. మెరుయెర్త్ నవ్వలేదు. జనాన్ని తోసుకుంటూ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నా, నాకు ఆ పని కావాలి. ఈ నీళ్లే తాగి, ఇక్కడే పిల్లల్ని కంటాను. అందుకే నేను ఆమీన్ అన్నాను. మీరూ అనండి."

కెమెరా తిరుగుతూనే ఉంది. సాయన్ ముఖం తడుముకోకుండానే చేతులు దించేశాడు.