లారీ మూలన దేవుని పెట్టె

ఇల్లు మారడమంటే మగవాళ్లకు ఒక్కరోజు పని. ఆడవాళ్లకు ముందు పది రోజులు, వెనక నెల. పెళ్లయ్యాక సాయవ్వకు ఇది మూడో ఇల్లు. నాలుగు రోజులుగా బోధన్‌లో మూటలు కట్టీ కట్టీ ఆమెకు రెక్కలు పడిపోయాయి.

లారీ చౌకగానే దొరికింది. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దింపి, ఖాళీగా నిజామాబాద్ వైపు వెళ్లే లారీ అది. డ్రైవర్ గులాం, సాయవ్వ భర్త రాజలింగుకు పాత దోస్తు. హమాలీలెందుకు, మనమే ఎత్తుకుందాం, మనమే దింపుకుందాం అన్నాడు రాజలింగు. పదేళ్లు లారీలకు చెరుకు ఎత్తినవాడాయె. ఆ ఎత్తుడుకే నడుము పోయి, నిజామాబాద్‌లో బియ్యం మిల్లుకు కావలి ఉండటానికి ఒప్పుకున్న సంగతి మాత్రం ఆ పొద్దు మరిచిపోయాడు.

సాయవ్వ భయం వేరే. దేవుని పెట్టె అన్నిటికంటే ముందు కొత్త ఇంటి గడప దాటాలి, అదీ పది గంటలలోపు. పది దాటితే వర్జ్యమన్నాడు పంతులు. ఆరేళ్ల కింద రుద్రూర్ నుంచి ఎడ్లబండిలో బోధన్‌కు వచ్చిననాడు వాన అందుకుంది. మూడు నెలల బిడ్డ తడుస్తోందని నెత్తిన చేట అడ్డం పెట్టి, దేవునికంటే ముందు ఆమె లోపలికి ఉరికింది. నెల తిరక్కుండానే బిడ్డ జ్వరంతో పోయింది. ఇల్లు మారిన మర్నాడే బస్సులో వచ్చిన అత్త హన్మవ్వకు సంగతి తెలిసింది మొదలు ఒకటే పాట. పాలు విరిగినా, కుండ పగిలినా, "దేవునికన్న ముందుగాల చేట పట్టుకొని ఇంట్ల వడ్డది" అనేది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని పెద్దలు ఊరికే అన్నారా! వినగా వినగా సాయవ్వ కూడా నమ్మింది. పెట్టె పట్టుకుని భర్త వెనకే ఉన్నాడట, ఒక్క నిమిషం ఆగి ఉంటే బిడ్డ బతికేదని పొయ్యి ముందు కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చిందో. ఈ ఇంట్లో కూడా ఆ మాట పడితే ఇక మోయడం తన వల్ల కాదు.

తొమ్మిదింబావుకు లారీ నిజామాబాద్ కంఠేశ్వర్‌లో అద్దె ఇంటి ముందు ఆగింది. అత్తను క్యాబిన్‌లోంచి దింపి, అరుగు మీద కూర్చోబెట్టి సాయవ్వ వెనక్కి వచ్చింది.

"దేవుని పెట్టె ఇయ్యి" అంది భర్తతో.

తాడు విప్పుతున్న రాజలింగు చేతులు ఆగిపోయాయి.

"ఏడ వెట్టినవ్?" అంది సాయవ్వ.

"అన్నిటికన్న ముందుగాల ఎక్కించిన. దేవుడు గదా."

మహా భక్తితోనే ఎక్కించాడు. క్యాబిన్ వెనక మూలకు ఆనించి పెట్టి, దాని ముందు బియ్యం బస్తా, మంచాలు, రోలు, విసుర్రాయి, పిడకల గోతాలు చెరుకు పేర్చినట్టే సందు లేకుండా పేర్చాడు. చెరుకుకు ముందూ వెనకా ఉండదు, ఏ గడ ముందు దిగినా గానుగకే పోతుంది. సంసారం అలా కాదని ఆయనకు తట్టలేదు.

దేవుడు పోనిదే ఇంట్లోకి ఏదీ పోకూడదు. సామానంతా గల్లీలోనే దించారు. చిరుగుల బొంతలు, సొట్టల గిన్నెలు అన్నీ బజారున పడ్డాయి. ఇరుగుపొరుగు వాకిళ్లలో నిలబడి చూశారు. సిగ్గుపడే ఓపిక కూడా సాయవ్వకు లేదు. రాజలింగు నడుము పట్టుకుని రెండుసార్లు కూలబడ్డాడు. "జల్దీ జేయ్ రాజన్నా, తోటకాడ కూలోల్లు ఎదురుసూస్తుంటరు" అంటూ గులాం కూడా చెయ్యి వేశాడు.

పెట్టె బయటికి వచ్చేసరికి గులాం గడియారం పదీ ఇరవై చూపించింది.

"అయిపాయె" అంది హన్మవ్వ అరుగు మీద నుంచి. "దేవుడు ఏడున్నడో సూసుకునే సోయి లేదానె నీకు? ఆనాడు గూడ గిట్లనే జేస్తివి. నా మనుమరాలిని మింగితివి."

సాయవ్వ తల వంచుకుంది.

"దాన్ననకు అవ్వా. లారీ నింపింది నేను" అన్నాడు రాజలింగు.

"గియ్యాల నువ్వు నింపినవ్. మరి గానాడో?"

రాజలింగు నేల చూపులు చూశాడు. "గానాడు గూడ నేనే. పెట్టె నా చేతులనే ఉండె, అది ఆగలేదని నీకు జెప్పిన గద. అబద్దం. పెట్టె బండి అడుగున వడ్డది. వాన ఎలిసినంక తీసిన. అది నిలవడ్డా బిడ్డ తడుసుడే గని దేవుడు వచ్చేటోడు గాదు."

సాయవ్వ మొగుడి మొఖం వంక చూసింది. కోపం రావాలి, రాలేదు. వచ్చింది ఆరేళ్ల అలసటే.

"ఆరేండ్లు" అంది. "నాకు గూడ అబద్దమే జెప్పినవ్. నేను ఏడుస్తుంటె సూసుకుంట కూసున్నవ్. ఒక్కనాడన్న నోరు రాలేదా?"

"అవ్వ తిడ్తదని భయపడ్డ" అన్నాడు రాజలింగు.

సాయవ్వ గల్లీలో నిలబెట్టిన నులక మంచం వాల్చింది. "దేవుణ్ణి నువ్వే తీస్కపో. కడ్మ సామాను తల్లీకొడుకులు కలిసి ఏసుకోండ్రి" అని, పట్టపగలు, పదిమంది చూస్తుండగా, కొంగు మొఖం మీదికి లాక్కుని పడుకుంది. హన్మవ్వ అరుగు దిగింది. కోడలి మంచం తగలకుండా పక్కనుంచి వెళ్లి, ఒక చిన్న మూట ఎత్తుకుంది.