నాలుగో వాయిదా

నిర్మల బాన్సువాడ కోర్టుకు రావడం అది నాలుగోసారి. రుద్రూర్ నుంచి బస్సులో వచ్చేది. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి అవతలి వకీలుకు జ్వరం, మరోసారి వకీళ్ల సమ్మె. మూడుసార్లూ సాక్ష్యం చెప్పకుండానే తిరిగి వెళ్లింది.

ముప్పై ఏళ్లు వరి విత్తనాలు పరీక్షించి రిటైరైన మనిషి ఆమె. జుక్కల్ దగ్గరి తండాలో భద్రు వేసిన వరిలో సగం ఈని కంకులేసి, సగం పచ్చిగానే నిలబడితే, రెండు రోజులు మడిలో తిరిగి, అది కల్తీ విత్తనమని రిపోర్టు రాసిచ్చింది. దాని మీదే భద్రు విత్తనాల వ్యాపారి మీద దావా వేశాడు. ఆమె ఫీజు పదిహేను వేలని భద్రు తరఫు వకీలు సంపతే ఒప్పుకున్నాడు. ఏడు నెలలైంది.

"సంపత్‌గారూ, ఇవాళైనా ఇస్తారా?" వరండాలోనే అడిగింది.

"కేసు గెలిచినంక ఒక్కసారే ఇస్తం మేడం. గా భద్రు దగ్గర ఏముందని? పేదోడు, మీకు తెల్వదా?"

ఎప్పుడడిగినా అదే మాట. ఇక పేద రైతును పీడించేది తానే అన్నట్టు ఆమె నోరు మూతపడేది. భద్రు దండం పెట్టినా ముభావంగా తలూపి లోపలికి నడిచింది.

ఆమె బోనెక్కగానే అవతలి వకీలు మొదటి ప్రశ్నే ఫీజు గురించి వేశాడు.

"ఫీజు ఎంత తీసుకున్నారు?"

"ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు."

"ఎప్పుడిస్తామన్నారు?"

నిజమే చెబుతానని ప్రమాణం చేసి ఉంది. సంపత్ వైపు చూసింది. అతను ఫైలులో తల దూర్చాడు.

"కేసు గెలిచాక."

"అంటే రైతు గెలిస్తేనే మీకు డబ్బులు! మరి రిపోర్టు రైతువైపు కాక ఎటు రాస్తారు?"

నిర్మల ముఖం ఎర్రబడింది. ముప్పై ఏళ్లలో ఆమెను ఎవరూ అంత మాట అనలేదు. "నేను మొక్కలు లెక్కపెట్టి రాశాను. ఫీజు కోసం రాయలేదు" అంది.

వెనక బెంచీ మీంచి భద్రు లేచాడు. "సార్, నేను పైసలిచ్చిన! మేడంకియ్యమని పదిహేను వేలు సంపత్ సార్ చేతిలోనే పెట్టిన. ఎడ్లమ్మి ఇచ్చిన సార్!"

జడ్జి సంపత్‌ను చూశాడు. "నిజమేనా?"

"వేరే ఖర్చుల్లో కలిసినయి సార్... ఇద్దామనే ఉన్న."

"రెండు గంటల లోపల కోర్టులో కట్టండి. గెలుపోటములతో సాక్షి ఫీజుకు సంబంధం లేదు. కట్టాకే సాక్ష్యం కొనసాగుతుంది."

రెండు గంటలకు సంపత్ డబ్బు కట్టాడు. నిర్మల మళ్లీ బోనెక్కి గంటన్నరసేపు ఏ ప్రశ్నకూ తడబడకుండా జవాబిచ్చింది. వృథాగా పోయిన మూడు రోజులకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ రోజుల ఖర్చు ఇప్పించమని కోర్టుకు అర్జీ రాసి ఇచ్చి, దానికి రసీదు అడిగి మరీ తీసుకుంది.

బయట భద్రు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీకు ముట్టలేదని నాకు తెల్వదు మేడం. మీరు సక్కగ మాట్లాడకపోతే పెద్ద సదువు గదా, గట్లనే ఉంటరేమో అనుకున్న."

"నేను నిన్నే తప్పుపట్టిన భద్రన్నా. ఏడు నెలలు ఎగ్గొట్టేటోడివనుకున్న. ఒక్కసారి నిన్నే అడిగితే అయిపోతుండె."

మూడు నెలలకు తీర్పొచ్చింది. వ్యాపారి నష్టపరిహారం కట్టాలన్నారు. భద్రు ముందుగా ఆమెకే ఫోన్ చేశాడు.